ఎవరికైనా తోచేదే

ఛందస్సూ అలంకారాలూ తప్ప మరొకటి ఎరుగని ఈ పంతులు ఈసారి పరుపుల్లో వేసే స్ప్రింగుల గురించి వ్రాయబోతున్నాడు. నవ్వకండి. గడచిన మూడు నెలలుగా నా బల్లమీద ఆంధ్రశబ్దరత్నాకరం పక్కన పేటెంట్ చట్టం ప్రతి ఒకటి పడి ఉంటున్నది. ఇంట్లో వాళ్లు మొదట కంగారుపడ్డారు, తరువాత అలవాటుపడ్డారు. టపా పొడుగైనది. కాఫీ పెట్టుకొని కూర్చోండి.

ఎండాకాలం చివర ఒక ఆదివారం నా పాత విద్యార్థి ఒకడు కూకట్‌పల్లిలో మా అబ్బాయి ఇంటికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గోదావరి జిల్లాలో నేను పనిచేసిన ఒక పల్లెటూరి హైస్కూల్లో 1993లో తొమ్మిదో తరగతి చదివినవాడు. తరువాత ఐ.టి.ఐ. చేసి, జీడిమెట్లలో నాలుగైదు కార్ఖానాల్లో ఫిట్టరుగా పనిచేసి, పదేళ్ల క్రితం సొంతంగా ఒక షెడ్డు వేసుకున్నాడు. పరుపుల కంపెనీలకు స్ప్రింగుల పట్టీలు చేసి ఇస్తాడు. కాళ్లకు దండం పెట్టి, కుశలప్రశ్నలు అయ్యాక, సంచీలోంచి కొన్ని కాగితాలు తీశాడు. స్ప్రింగులు చేసే పద్ధతి ఒకటి తాను కనిపెట్టాననీ, దానికి పేటెంట్ కోసం చెన్నై కార్యాలయంలో దరఖాస్తు పెట్టాననీ, పరీక్షాధికారి దగ్గరనుంచి ఈ ఉత్తరం వచ్చిందనీ చెప్పాడు. జవాబివ్వడానికి ఆరు నెలల గడువు. అందులో రెండు నెలలు అప్పటికే గడిచాయి.

"ఏజెంటుగారు ఇంగ్లీషులో జవాబు వ్రాస్తారు మాస్టారూ. కానీ ఏం వ్రాయాలో నన్నే చెప్పమంటున్నారు. ఈ కాగితాల నిండా 'ఆబ్వియస్' అని ఉంది. నాది ఆబ్వియస్ అట. దానికి తెలుగులో అర్థం చెప్పండి. అది తెలిస్తే నాది అవునో కాదో నేనే చెప్పుకుంటాను."

తెలుగు పంతులు దగ్గరికి రావలసిన ప్రశ్నే! కానీ నోట మాట రాలేదు. 'స్పష్టం' అందామంటే అది కంటి ఎదుట ఉన్నదాని మాట. పరుపు కంటికి కనిపిస్తుంది గాని, దాన్ని చేసే పద్ధతి తోచడం వేరు. 'సువిదితం' అంటే అందరూ ఎరిగినది. లోకం ముందే ఎరిగి ఉంటే అది కొత్తదే కాదు, ఆ ఆక్షేపణకు చట్టంలో వేరే పేరుంది. ఇక్కడ సంగతి అది కాదు. అతడు చేసినట్టు ముందెవరూ చేయలేదని పరీక్షాధికారి కూడా ఒప్పుకున్నాడు. ఆయన అంటున్నది, ఎవరూ చేయకపోయినా, ఆ పని తెలిసినవాడెవడైనా కూర్చుంటే ఇట్టే చేయగలడని. చాలాసేపు తన్నుకులాడాక 'ఊహ్యం' అన్నాను. తెలిసినదాన్ని పట్టుకొని తెలియనిదాన్ని ఊహతో అందుకోవడం. కాబట్టి పేటెంటుకు కావలసినది అనూహ్యత. (పత్రికలవాళ్లు 'అనూహ్య విజయం' అని వ్రాసి వ్రాసి ఆ మాటను అరగదీశారు గాని, ఇక్కడ అది అచ్చంగా సరిపోతుంది.) మన 1970 చట్టం రెండో సెక్షన్లో దీనికొక నిర్వచనం ఉంది. 2005లో దాన్ని సవరించారు. సాంకేతికంగా ముందడుగో, ఆర్థికంగా ప్రాధాన్యమో, రెండూనో ఉండాలి, దానిపైన ఆ పని తెలిసినవాడికి ఊహ్యం కాకుండా ఉండాలి. మొదటి సగం మావాడు సులభంగా దాటాడు. చిక్కంతా రెండో సగంతోనే.

"మాటలతో కాదు, వచ్చి చూడండి" అని మరునాడు తన షెడ్డుకు తీసుకువెళ్లాడు.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి బూరుగుదూది పరుపుమీద పడుకున్నవాణ్ణి. స్ప్రింగు పరుపంటే లోపల ఒకదానికొకటి ముడివేసిన ఇనుప చుట్లు ఉంటాయనుకునేవాణ్ణి. అది పాతరకమట. ఇప్పుడు ఖరీదైన పరుపుల్లో ప్రతి స్ప్రింగుకూ విడిగా ఒక గుడ్డసంచీ ఉంటుంది. ఒకరు దొర్లితే పక్కవారికి కదలిక తెలియదు. కెనడాలో జేమ్స్ మార్షల్ అనే ఆయన 1900 ప్రాంతంలో ఈ సంచీ స్ప్రింగులకు దారి వేశాడు. అయితే సంచులు చేత్తో కుట్టి నింపవలసి వచ్చేది కనుక ధనవంతులకే దక్కేవి. 1925లో అమెరికాలో సిమ్మన్స్ కంపెనీ యంత్రంతో చేయించి బ్యూటీరెస్ట్ అనే పేరుతో అమ్మాకే అది మధ్యతరగతి ఇంటి దాకా వచ్చింది. మావాడు ఈ కథ చెప్తూ "చూశారా, పరుపు ఒకాయనది, చేసే పద్ధతి ఇంకొకరిది. రెండోదే కష్టం" అన్నాడు. తన సంగతి గురించే అన్నాడని నాకు తరువాత అర్థమైంది.

షెడ్డులో ఒక పక్క సుమారు రెండు మిల్లీమీటర్ల మందంగల ఉక్కుతీగ చక్రానికి చుట్టి ఉంటుంది. యంత్రం ఆ తీగను లాక్కొని, మెలితిప్పి, క్షణంలో స్ప్రింగుగా చుట్టి కత్తిరిస్తుంది. అలా చుట్టిన తీగలో లోలోపల బిగువు మిగిలిపోతుందట. దాన్ని పోగొట్టడానికి స్ప్రింగు రెండు కొసలకూ కరెంటు తగిలించి రెండువందల యాభై, మూడువందల డిగ్రీల దాకా వేడిచేస్తారు. తరువాత దాన్ని అణగదొక్కి బిళ్లలా చేసి, మడతపెట్టిన గుడ్డ మధ్యకు తోసి, చుట్టూ గుడ్డను అతికిస్తారు. కుట్టు లేదు, దారం లేదు. చెవికి వినబడని ధ్వనితరంగాల అదురుతో గుడ్డ కరిగి అంటుకుంటుంది. ఆ గుడ్డ నూలుది కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కుది. అది నూట అరవై డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఇప్పుడు చిక్కు మీకే తెలిసి ఉంటుంది. మూడువందల డిగ్రీల తీగను నూట అరవైకి కరిగే గుడ్డలో వేస్తే సంచీకి చిల్లులు పడతాయి. కనుక మధ్యలో చల్లార్చాలి. అందరూ చేసేదేమంటే స్ప్రింగులను ఒక పొడుగాటి పట్టాలాంటి దానిమీద నడిపిస్తూ ఫ్యాన్లతో గాలి కొట్టడం. యంత్రం వేగం పెంచితే పట్టా పొడుగు పెంచాలి, ఫ్యాన్లు పెంచాలి. అతని షెడ్డు మా స్కూలు వరండా అంత. పట్టా పెంచడానికి చోటు లేదు.

చోటు లేకపోవడమే ఇతనికి గురువైంది. స్ప్రింగును ఎలాగూ అణగదొక్కాలి గదా, ఆ తొక్కే ఇనుప పలకల్లోనే నీళ్లు పారిస్తే? అని తోచిందట. వేడివేడి స్ప్రింగు రెండు చల్లని పలకల మధ్య నలిగి బిళ్లయ్యేసరికి చల్లబడిపోతుంది. తిరిగి విచ్చుకోనివ్వకుండా దాన్ని అలాగే గుడ్డలోకి తోసేయవచ్చు. పట్టా అక్కరలేదు, ఫ్యాన్లు అక్కరలేదు. కాని వేడిమీద స్ప్రింగును నొక్కకూడదన్నది ఆ పనివాళ్లందరికీ తెలిసిన నిషేధం. నొక్కితే అది మళ్లీ పూర్తిగా లేవదు, పొట్టిదైపోతుంది. పొట్టి స్ప్రింగు పరుపులో గుంట. ఇతడు ఆ పొట్టికావడాన్ని దోషంగా కాక లెక్కగా తీసుకున్నాడు. ఎంత కుంగుతుందో కొలిచి, మొదటే అంత పొడుగ్గా చుట్టాడు. వేడిమీద ఒకసారి కుంగిన స్ప్రింగు ఆ తరువాత పరుపులో మనిషి బరువుకు ఇంక అంతగా కుంగదు. ఇది అతనికి రెండో లాభం. దీనికోసం మొదట వెతకలేదు, దొరికింది. (పేటెంట్ దరఖాస్తు పద్దెనిమిది నెలలు దాటి ప్రచురితమైంది కనుక ఈ వివరాలు వ్రాయడంలో రహస్యభంగం లేదు. అందులోనే మరొక భయం ఉంది. పేటెంట్ రాకపోతే, ఆ ప్రచురణ చదివి ఎవరైనా స్వేచ్ఛగా ఈ పద్ధతి వాడుకోవచ్చు. అతడు అడ్డుచెప్పలేడు. ఇల్లు తాకట్టు పెట్టి చేసిన యంత్రమది.)

పరీక్షాధికారి రెండు పాత పత్రాలు చూపించాడు. మొదటిది సంచీ స్ప్రింగుల యంత్రం, వేడిచేయడం, గాలితో చల్లార్చడం, అణచి గుడ్డలో పెట్టడం అన్నీ ఉన్నాయి. రెండోది బండ్ల కింద వేసే లావు స్ప్రింగుల గురించి. వాటిని వేడిమీద నొక్కి, ముందే కుంగదీసి, తరువాత కుంగకుండా చేయడం ఆ పరిశ్రమలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ రెంటినీ జోడిస్తే ఇతనిది వచ్చేస్తుంది, ఆ పని తెలిసినవాడికి ఇందులో ఊహించరానిదేమీ లేదు అని తీర్మానం.

యంత్రం చూసి, ఆ రెండు పత్రాలు అతని నోట విని, నేను యథాలాపంగా అన్నాను: "ఇందులో ఏముందిరా? ఎలాగూ నొక్కాలి, ఎలాగూ చల్లార్చాలి. రెండూ ఒకేసారి చేశావు. ఎవరికైనా తోచేదే కదా."

అతడు నవ్వాడు. "ఇదే మాట తొమ్మిదో తరగతిలో కూడా అన్నారు మాస్టారూ" అన్నాడు.

నాకు వెంటనే గుర్తురాలేదు. వచ్చాక అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లో స్కూలు వార్షికోత్సవానికి పిల్లలకు సమస్యాపూరణం పోటీ పెట్టేవాణ్ణి. మీలో అవధానాలకు వెళ్లేవారికి తెలుసు, సమస్య అంటే పద్యంలో చివరి పాదం ఇచ్చి, పైకి అసంబద్ధంగానో అశ్లీలంగానో కనిపించే దానికి అర్థం కుదిరేలా మిగిలిన పాదాలు చెప్పమనడం. పరిష్కారానికి ఒక దారి విరుపు. మూడో పాదం చివర ఒక అక్షరం పెట్టి, దాన్ని సమస్యలోని మొదటి మాటతో కలిపితే మాటే మారిపోతుంది, అసంబద్ధత ఎగిరిపోతుంది. ఆ యేడు నేనిచ్చిన కందపాదానికి నా దగ్గర ఒక పూరణ సిద్ధంగా ఉంది. పురాణకథ ఒకటి తెచ్చి ముడివేశాను, కొంచెం బరువైనది. వారం రోజులు గడువిచ్చాను. నలభైమంది పిల్లల్లో ముగ్గురే ఏదో వ్రాసుకొచ్చారు. వీడు ఒకే ఒక్క అక్షరంతో విరిచాడు. కథ లేదు, పురాణం లేదు. చదవగానే సమస్య కరిగిపోయింది.

మెచ్చుకోవలసింది పోయి, "ఈ విరుపు ఎవరికైనా తోచేదే. ఏ అవధానం పుస్తకంలోనో చూసి దించావు" అన్నాను. బహుమతి పురాణకథ తెచ్చిన మరో పిల్లవాడికి ఇచ్చాను. నా పూరణకు దగ్గరగా ఉన్నదని కాబోలు. ఎవరికైనా తోచేదైతే పుస్తకం చూసి దించడం ఎందుకు? పుస్తకం చూసి దించవలసినదైతే ఎవరికైనా తోచేది ఎలా అవుతుంది? ఆ రెండు వాక్యాలను ఒకే ఊపిరిలో అన్నాను. పైగా వారంపాటు ఆ విరుపు భాషాప్రవీణ చదివిన నాకు కూడా తోచలేదు. ఈ సంగతి అప్పుడు నాకు తెలుసు. అందుకే కోపం వచ్చిందేమో.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరునాటినుంచి మా మనుమడి సాయంతో తీర్పులు దింపించి చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, కాని టీకా లేకుండా ప్రబంధం చదివినవాడికి తీర్పు మరీ కొరకరాని కొయ్య కాదు.

ఈ ప్రశ్న న్యాయస్థానాలకు కొత్తది కాదు. 1851లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు తలుపు గుండ్రపుపిడి వచ్చింది. లోహంతోనో కర్రతోనో చేసే పిడిని మట్టితో, పింగాణీతో చేశారు. పిడిని కాడకు బిగించే తీరు పాతదే. అది నేర్పుగల పనివాడి పనే గాని ఆవిష్కర్త పని కాదని కొట్టేశారు. ఆ తరువాత వంద సంవత్సరాల పాటు ఆ గీత ఎక్కడ గీయాలా అని తర్జనభర్జన. ఆవిష్కరణ మెరుపులా తోచి ఉండాలన్న మాట కూడా ఒక తీర్పులో వచ్చింది. 1952 చట్టంలో దాన్ని తుడిచివేశారు. మెరుపులా తోచిందా, ఏళ్ల తరబడి చెమటోడ్చి పట్టుకున్నాడా అన్నది లెక్కలోకి రాదు. మన ఆలంకారికులు కావ్యానికి ప్రతిభ ఒక్కటే హేతువా, వ్యుత్పత్తి, అభ్యాసాలు కూడానా అని కొట్టుకున్న కొట్లాట గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇంగ్లండులో 1910లోనే ఫ్లెచర్ మౌల్టన్ అనే న్యాయమూర్తి హెచ్చరించాడు. ఒక కొత్తది చేతికి వచ్చాక, తెలిసినదాని దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క సులభమైన మెట్టూ ఎక్కుతూ దాని దాకా రావడం ఎంతో తేలికగా కనిపిస్తుందని, ఆ తేలికను నమ్మి ఆవిష్కర్తకు అన్యాయం చేయవద్దని ఆ హెచ్చరిక సారాంశం. అవధానసభలో పూరణ విన్నాక వెనకవరుసలో కూర్చున్నవాడు "ఓస్, ఇంతేనా" అనడమే ఇది. వినకముందు వాడు నోరు మెదపలేదు.

కాని ఇంతటితో నా శిష్యుడిదే గెలుపని అనుకోవడానికి వీల్లేదు. మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది, విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థల మధ్య. అదీ తయారీ పద్ధతికి సంబంధించినదే. ఇత్తడి గిన్నెలను లేతుమీద తిప్పి నునుపు చేసేటప్పుడు గిన్నె ఊడి ఎగిరి పనివాడిమీద పడే ప్రమాదం ఉండేది. రెండోవైపునుంచి కూడా ఒక మొనతో నొక్కిపట్టే ఏర్పాటు చేసి 1951లో పేటెంట్ తీసుకున్నారు. మంచి పనే, ప్రాణాలు కాచే పని. అయినా న్యాయమూర్తి సర్కారియా దాన్ని నిలబెట్టలేదు. లేతులో రెండువైపులా పట్టే పద్ధతి అప్పటికే ఉన్నది, దాన్ని గిన్నెకు వాడటం పనిచోట చేసుకునే దిద్దుబాటేగాని ఆవిష్కరణ కాదన్నారు. ఉపయోగం ఉంటే చాలదు. సమస్య ఎదురుగా ఉన్న నేర్పరి, పాత పత్రం చేతికిస్తే, కొత్తదాని సంగతి ఏమీ తెలియకుండా, "నాకు కావలసింది ఇందులోనే ఉంది" అని అనగలడా, ఇదీ పరీక్ష. పద్ధతి మంచిదైనందుకు నేను ఉప్పొంగిపోతున్న సమయంలో ఈ తీర్పు చన్నీళ్లు చల్లింది.

2007లో అమెరికాలో కారు పెడల్ కేసు వచ్చింది. జరిపి సరిచేసుకునే పెడల్ ఒక పాత పేటెంటులో ఉంది. ఎలక్ట్రానిక్ సెన్సరు మరికొన్ని చోట్ల ఉంది. రెంటినీ కలిపినవాడికి పేటెంట్ చెల్లదని తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. పనివాడు యంత్రం కాడు, అతనికీ మామూలు ఊహ ఉంటుంది, ఒక రంగంలో ఉన్నదాన్ని మరో రంగానికి తెచ్చుకోగలడు అని. ఇది నేరుగా మావాడి గుండెకు గురిపెట్టిన బాణం. బండి స్ప్రింగులో ఉన్నదాన్ని పరుపు స్ప్రింగుకు తెచ్చుకోవడం మరేమిటి?

అయితే 1966 ఫిబ్రవరిలో ఒకే రోజున వెలువడిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే కొంత వెలుగు కనిపించింది. ఒకటి రాళ్ల నేలలో దున్నే నాగలి గురించి. రాయి తగిలితే నాగలికొంకి విరగకుండా స్ప్రింగు బిగింపు ఉంటుంది. అందులో రెండు భాగాల స్థానాలను కిందుమీదులు చేశారు. ఊహ్యమే అన్నారు. రెండోది ఆడమ్స్ అనే ఆయన చేసిన బ్యాటరీ. మెగ్నీషియం, క్యూప్రస్ క్లోరైడ్, మామూలు నీళ్లు. విడివిడిగా ఏదీ కొత్తది కాదు. కాని అటువంటి బ్యాటరీలకు తెలిసిన లోపాలున్నాయి, కనుక తెలిసినవాడెవడూ అటు పోడు. సైన్యంలోని నిపుణులే మొదట నమ్మలేదు, తరువాత యుద్ధంలో వాడుకున్నారు. పేటెంట్ చెల్లుతుందన్నారు. పాతవాటిలోని లోపం తెలిసినవాణ్ణి వెనక్కి లాగుతుంటే, ఆ లాగుడును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వేడిమీద నొక్కకూడదన్న నిషేధం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఐరోపా పేటెంటు కార్యాలయంవారు ఇదే సంగతిని మరింత తేటగా చెప్తారు. పనివాడు 'చేయగలడా' అని కాదు, 'చేసి ఉండేవాడా' అని అడగాలి. మన వ్యాకరణంలో ఈ భేదం ఒక్క ప్రత్యయంలో ఇమిడిపోతుంది. చేయగలవారు వేయిమంది. అటు చేయి చాచడానికి కారణం ఉన్నవారెందరు అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ ఒక పాత పాఠం చెప్పకుండా ఉండలేను. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివరి ఉద్ద్యోతంలో కవుల పోలికలను మూడుగా విడదీశాడు. అద్దంలో ప్రతిబింబంలాంటిది ఒకటి, బొమ్మ గీసినట్టుండేది ఒకటి, ఒకే రూపుగల ఇద్దరు మనుషుల్లా ఉండేది ఒకటి. మొదటి రెంటినీ వదలమన్నాడు. మూడోదాన్ని కవి వదలనక్కరలేదు, పోలికలున్నా దేని ప్రాణం దానిదే. విద్వాన్ తరగతుల్లో దీన్ని వందసార్లు వల్లెవేశాను. రెండు పాత పత్రాలకూ ఇతని పద్ధతికీ పోలిక ఎలాంటిదో తేల్చడానికి దానికన్నా మంచి సాధనం నాకు దొరకలేదు. అయితే పరీక్షాధికారికి ధ్వన్యాలోకం పంపలేం గదా!

చివరకు నేను తేల్చుకున్నది ఇది. అతని దరఖాస్తులో మొదటి హక్కుకోరిక చాలా వెడల్పుగా ఉంది. వేడిగా ఉన్న పరుపు స్ప్రింగును నొక్కి, ముందే కుంగదీయడం అంతా తనదే అంటుంది. అది నిలవదు. బండి స్ప్రింగుల్లో ఉన్నది అదే ప్రయోజనానికి, అదే తీరున ఉంది. కుంగేంత పొడుగు ముందే కలిపి చుట్టడం కూడా వాళ్లకు తెలిసినదే. స్ప్రింగుల మనిషి స్ప్రింగుల వైపు చూడడం దూరదేశయానం కాదు. అంతవరకు అధికారి మాట సబబే. నా శిష్యుడని కళ్లు మూసుకోలేను, ఒకసారి ఎదుటివాడు శిష్యుడని కళ్లు మూసుకున్నందుకే ఇదంతా.

కాని నొక్కే పలకలే చల్లార్చే పలకలు కావడం, చల్లారిన స్ప్రింగును మధ్యలో విచ్చుకోనివ్వకుండా అలాగే గుడ్డలోకి తోయడం, ఇది ఆ రెండు పత్రాల్లో దేనిలోనూ లేదు. బండి స్ప్రింగుకు గుడ్డ లేదు, కనుక చల్లార్చాలన్న తొందర లేదు. సంచీ యంత్రంలో గుడ్డ ఉంది, తొందర ఉంది, కాని నొక్కడానికి ముందే చల్లారాలన్న భయం కూడా ఉంది. రెండు పత్రాలనూ ఒకే బల్లమీద పెట్టినవాడికి ఫ్యాను తీసేయాలని ఎందుకు తోస్తుంది? రెండో పత్రం నొక్కమంటుంది, చల్లార్చమనదు. మొదటిది చల్లార్చమంటుంది, అందాకా నొక్కవద్దంటుంది. మన చట్టం మూడో సెక్షన్లో తెలిసిన వస్తువులను ఊరికే పక్కపక్కన చేర్చి, ఏది పని అది చేసుకుంటూ పోతే అది ఆవిష్కరణ కాదని ఉంది. ఇక్కడ ఒక్క చర్యే రెండు పనులు చేస్తున్నది. ఒకటి లేకుండా రెండోది లేదు. విరుపులో ఆ ఒక్క అక్షరం మూడో పాదానికీ చెందుతుంది, నాలుగో పాదానికీ చెందుతుంది గదా, అలాగన్నమాట.

ఇది అతనికి చెప్పడం తేలిక కాలేదు. మొదటి కోరిక వదులుకొమ్మని అంటే చాలాసేపు మాట్లాడలేదు. అందరికంటే ముందు తనకు తోచింది ఆ కుంగుడు లెక్కేనట, దానిమీదే ప్రేమ. "అంటే ఇది వేరేవాళ్లు వాడుకున్నా నేను ఊరుకోవాలా?" అని అడిగాడు. వాడుకుంటే ఊరుకోవలసిందే అన్నాను. మిగిలిన చిన్న కోరికైనా గట్టిగా నిలబడుతుందని చెప్పలేనని కూడా అన్నాను. పెడల్ కేసులాంటి దృష్టితో చూసే అధికారి అయితే, నీళ్ల పలకలు ఏ కార్ఖానాలో లేవు అని అడగవచ్చు. అడిగితే, ఇన్నేళ్లుగా ఇంత ఇరుకు షెడ్లలో ఇంతమంది ఫ్యాన్లే ఎందుకు పెంచుకుంటూ పోయారో చెప్పమని మనం అడగాలి.

అవన్నీ తెలుగులో రెండు పేజీలు వ్రాసి ఇచ్చాను. అతని కూతురు ఇంగ్లీషు చేసింది. ఏజెంటుగారు చదివి, లాయరు భాషలోకి మార్చి పంపించారు. మొదటి కోరిక కొట్టేసి, పలకల కోరికను ముందుకు తెచ్చారు. గడువుకు పదకొండు రోజుల ముందు జవాబు వెళ్లింది. అధికారికి ఇంకా తృప్తి కలగలేదు. విచారణకు పిలుపు వచ్చింది. అది వీడియోలోనే జరుగుతుందట, చెన్నై వెళ్లనక్కరలేదు. ఏజెంటుగారు మాట్లాడతారు, ఇతడు పక్కన కూర్చుంటాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. నాకు అక్కడ పని లేదన్నాను. అతడు వినలేదు.

మొన్న ఆ తేదీ చెప్పడానికి వచ్చినప్పుడు, వెళ్లబోతుండగా గుమ్మం దగ్గర ఆపి అడిగాను, ఆ పద్యం ఇంకా గుర్తుందా అని. చెప్పుల్లో కాళ్లు పెట్టబోతూ ఆగి, మొదటి రెండు పాదాలూ గబగబా చెప్పాడు. మూడో పాదం మరిచిపోయాడట. విరుపు అక్షరం మాత్రం గుర్తుంది. ఇంటికెళ్లి ఆలోచించి ఫోన్ చేస్తానన్నాడు.